నీలిదారం కట్టిన తోలుసూది

ఆత్‌బాషి లోయలో ఎవరింట్లో కుట్టుమిషను మొరాయించినా బురుల్చాకే కబురు వెళ్ళేది. ఆవిడ వచ్చి, చక్రం ఓసారి తిప్పి, చెవి పెట్టి వినేది. సూది గుడ్డలో దిగేటప్పుడు టప్పుటప్పుమందంటే మొన అరిగిందన్నమాట. "మిషనుకేం రోగం లేదు. సూదిని చచ్చేదాకా అరగదీసి మిషన్ని తిడతారేంటే?" అని ఇంటావిడకు నాలుగు చీవాట్లు పెట్టి, కొత్త సూది బిగించి, టీ తాగి వెళ్ళేది. మొన ఎలా ఉందో గోటిమీద గీసి చూసేది. అప్పటికీ అనుమానం తీరకపోతే తన తలగుడ్డ అంచుమీద లాగేది. పోగు పట్టుకుందా, ఆ సూదికి కాలం చెల్లినట్టే.

ఇంత పనిమంతురాలికి ఒక్కటే జబ్బు. ఓర్వలేనితనం. పొరుగింట్లో తాగడానికి పులియబెట్టిన గుర్రపుపాలు బాగా కుదిరాయని ఎవరన్నా అంటే ఈవిడ గిన్నె కింద పెట్టేసేది. అందులో దాపరికం కూడా లేదు. మొహం చూస్తే పసిపిల్లలకు కూడా తెలిసిపోయేది.

బురుల్చా కుట్టే మిషను అసలు ఆవిడ అత్తగారు ఉపోల్‌ది. చేత్తో తిప్పేది, పాతకాలపుది. ఉపోల్‌కి చూపు మందగించాక పిడి పెద్దకోడలి చేతికొచ్చింది. గొర్రెల కాపరుల చలికోట్లు, బొంతలు, పెళ్ళిబట్టలు అన్నీ బురుల్చా దానిమీదే కుట్టింది. వేరింటి కాపురం పెట్టాక కూడా రోజూ పొద్దున్నే అత్తగారింటికొచ్చి కుట్టుకునేది. సూదులు దొరకడం గగనమైన రోజుల్లో పట్నం వెళ్ళే ప్రతి లారీ డ్రైవర్నీ బతిమాలి ఒక్కొక్కటే తెప్పించి, చాక్లెట్ల డబ్బాలో కంబళిముక్క వేసి వాటిని గుచ్చిపెట్టింది. ఉన్నిగుడ్డ సూదికి గుర్తుగా ఎర్రదారం, నూలుగుడ్డ సూదికి తెల్లది, పట్టుకీ శాటిన్‌కీ పనికొచ్చే సన్నసూదికి నీలిది. తోలు కోసుకుంటూ దిగే మూడంచుల సూదికి మాత్రం నల్లదారం. ఆ రంగుల లెక్క ఇంట్లో అందరికీ తెలుసు.

అక్కడి ఆచారం ప్రకారం తల్లిదండ్రుల ఇల్లూ పొయ్యీ చిన్నకొడుక్కే. చిన్నవాడికి పెళ్ళయి మైరమ్ కోడలుగా వచ్చిన వారంలోనే ఉపోల్ తేల్చిచెప్పింది. "పొయ్యితోబాటే మిషనూను. ఇక ఇది మైరమ్‌ది."

బురుల్చా డబ్బా చంకన పెట్టుకుని లేచింది. "మిషను ఎవరిదైతే వాళ్ళే పెట్టుకోండి. సూదులు మటుకు నావి."

మైరమ్‌కి బుగ్గలూ నవ్వూ తప్ప కుట్టు రాదు. ఆ పిల్ల దిండుగలీబు కుడితే గొర్రెలు నడిచిన దారిలా వంకర్లు పోయేది. అయినా ఉపోల్ దాన్ని వచ్చేపోయేవాళ్ళందరికీ చూపించేది. "మా చిన్నకోడలి చేతికుట్టు!" ఆ మాట వింటే బురుల్చాకి ఒళ్ళంతా కారం రాసుకున్నట్టుండేది. ఇన్నేళ్ళు తను కుట్టినప్పుడు "అయిందా?" అని తప్ప అత్తగారు ఇంకో మాట అన్న పాపాన పోలేదు.

ఇలా ఉండగా ఆడపడుచు బేగాయ్‌కి పెళ్ళి కుదిరింది. పెళ్ళికూతురు అత్తింట్లో కొన్నాళ్ళు తెల్లని తెర వెనక కూర్చుంటుంది. ఆ తెర పుట్టింటినుంచే వెళ్ళాలి. వచ్చిన ఆడవాళ్ళంతా పిల్లకంటే ముందు తెర అంచు పట్టుకుని చూస్తారు. బేగాయ్ మొదటి గౌను కుట్టింది బురుల్చానే. తెర కూడా తననే కుట్టమంటారని పిలుపు కోసం ఎదురుచూసింది. మిషను దగ్గర మళ్ళీ కూర్చునే రోజొచ్చిందని లోపల్లోపల మురిసిపోయింది కూడా.

"తెర మైరమ్ కుడుతుంది," అంది ఉపోల్, రొట్టె తుంచుతూ. "పొయ్యిదగ్గరి కోడలే కుట్టాలి."

ఆ మర్నాడు మైరమ్ శాటిన్ ముక్క పట్టుకుని బురుల్చా గుమ్మంలోకొచ్చింది. "అక్కా, దీనికే సూది వాడాలి? నాకు భయమేస్తోందక్కా. నువ్వే ఎంచి ఇవ్వవూ?"

"కూచో, టీ తాగు," అని బురుల్చా లోపలికెళ్ళింది. డబ్బా తెరిచింది. ఎందుకు చేస్తున్నదో ఆవిడకు బాగా తెలుసు, కడుపుమంటతోనే చేసింది. మూడంచుల సూదికున్న నల్లదారం విప్పి నీలిదారం కట్టింది. తెచ్చి చిన్నదాని చేతిలో పెట్టింది.

సాయంత్రానికి మైరమ్ మళ్ళీ పరుగెత్తుకొచ్చింది. "కుట్టు వెంబడే చిల్లులు పడుతున్నాయక్కా!"

"తడిపి ఇస్త్రీ చెయ్యి, మూసుకుపోతాయి."

నూలుగుడ్డకైతే అది నిజమే. గుడ్డలో పోగులు పక్కకు జరిగితే మళ్ళీ దగ్గరికొస్తాయి. తెగిన శాటిన్ పోగులు ఏ ఇస్త్రీకీ అతుక్కోవు. మైరమ్ అక్క మాట నమ్మి తెరంతా కుట్టేసింది.

పెళ్ళికూతురి వెంట వదినలిద్దరూ వెళ్ళారు. గది మూలలో కిటికీ పక్కన తెర కట్టారు. ఎండ పడింది. అతుకు పొడవునా సన్నసన్నని గాట్లలోంచి వెలుతురు తొంగిచూసింది. పెళ్ళికొడుకు నాయనమ్మ సాలికా, పళ్ళు ఊడినా చూపు చెడని ముసలిది, దగ్గరికెళ్ళి గోటితో ఓ గాటు తడిమింది.

"ఇది గుచ్చిన చిల్లు కాదమ్మోయ్, కోసిన గాటు. శాటిన్‌ని తోలుసూదితో కుట్టారు," అని బురుల్చా వైపు తిరిగింది. "మీ ఇంట సూది ఎంచేది నువ్వే కదూ? లోయంతా నీ పేరే చెబుతారు. ఇదేనా నీ పనితనం? మా ఇంటి కోడలు కూర్చునే తెర ఇలాగేనా ఉండేది?"

ఆడవాళ్ళు ముక్కున వేలేసుకున్నారు. తెర వెనక బేగాయ్ ఏడుపు ఆపుకోవడం వినబడింది. బురుల్చా చిన్నదాని పరువు తీద్దామనుకుంది, ఇక్కడ తన పేరే మట్టికొట్టుకుపోతోంది. ఇన్నేళ్ళూ సంపాదించుకున్నది ఆ ఒక్కటే. ఏం చెప్పి దాన్ని కాపాడుకోవాలి? కావాలనే ఇచ్చానంటే పేరుతోబాటు మనిషీ పోతుంది.

"అక్క తప్పేం లేదు," అంది మైరమ్, ఎర్రబడిన మొహంతో. "అక్క సరైనదే ఇచ్చింది. నేనే దాన్ని పారేసుకుని, అడగడానికి సిగ్గేసి, నల్లదారం సూది చెప్పకుండా తీసుకున్నాను. విప్పి మళ్ళీ కుట్టి తెస్తాను, నానమ్మా."

సాలికా ఆ పిల్లను దగ్గరికి లాక్కుని నుదురు ముద్దుపెట్టుకుంది. "చూశారా? నలుగురిలో తప్పు ఒప్పుకునే కోడలు ఏ ఇంట ఉంటుందే? బంగారుతల్లి!"

బురుల్చా గుండెలో ఏమయిందో చెప్పుకోవాలి. పరువు దక్కినందుకు సంతోషం ముందు రాలేదు. ఈ మెప్పు కూడా దీనికేనా అన్న మంటే ముందొచ్చింది.

తెర మూటగట్టుకుని ఇంటికొస్తూ దారిలో మైరమ్ జేబులోంచి సూది తీసింది. కుట్టడానికి విప్పిన నీలిదారం మళ్ళీ దానికే కట్టి ఉంది.

"ఇదిగో అక్కా. నల్లదారం కట్టేసుకో."

బురుల్చా సూది తీసుకుని అడిగింది. "తెలిసి మరెందుకు అబద్ధమాడావే?"

"నా చోట నువ్వున్నా అలాగే చేసేదానివి."

"చేసేదాన్ని కాదు."

"అదీ తెలుసులే," అంది మైరమ్. ఈసారి నవ్వలేదు. "బేగాయ్ ఏడుస్తోంది. ఇంకేం చెయ్యను?"

మర్నాడు బురుల్చా డబ్బా పట్టుకుని అత్తగారింటికి వచ్చింది. మిషను ముందు కూర్చోలేదు, పక్కన పీట వేసుకుంది. గాట్లున్న అంచు కత్తిరించి పారేసింది. మైరమ్ వేలు పట్టుకుని దాని గోటిమీద ఒక్కొక్క సూదీ గీయించింది.

"గీత పడిందా? అయితే మొన విరిగింది. పక్కన పెట్టు. ఇది చూడు, జారిపోతోంది కదూ, ఇదీ శాటిన్ సూది. మొద్దూ, పిడి అంత గట్టిగా తిప్పకు! చప్పుడు వినబడిందంటే ఆపేయ్."

సూది ఎంచింది బురుల్చా, కుట్టింది మైరమ్. అతుకు ఎక్కడుందో వెతికితేగానీ కనబడనంత నున్నగా వచ్చింది. తెర మళ్ళీ కట్టిననాడు ఉపోల్ కూడా వచ్చింది. సాలికా ఎండకెదురుగా తెర పట్టి చూసి తలూపింది. తెర వెనక బేగాయ్ కిసుక్కున నవ్వింది.

"ఎవరనుకున్నారు? మా చిన్నకోడలి చేతికుట్టు!" అంది ఉపోల్ అందరికీ వినబడేలా.

సూది ఎంచిందెవరని ఒక్కరూ అడగలేదు. బురుల్చా నోరు తెరిచింది. మైరమ్ ఆవిడ వైపే చూస్తోంది, కావాలంటే చెప్పుకో అన్నట్టు. బురుల్చా ముందున్న పళ్ళెంలోకి చెయ్యి చాచింది. రొట్టెముక్క ఒకటి నోట్లో పెట్టుకుని, నెమ్మదిగా నమిలి మింగింది.