అవ్వ చేతికి అందిన గది

మా చిన్నప్పుడు... మదురైలో నూలు మిల్లు లైను ఇళ్లలో ఉండేవాళ్లం. ఒక ఉదయం అమ్మ మా రెండు గదుల్లో ఒకదాన్ని పూర్తిగా ఖాళీ చేసింది. ఆ గదికి చుట్టం వస్తోంది. చుట్టమంటే మరెవరో కాదు, అమ్మను కన్న తల్లి... మా అవ్వ.

అవ్వది కోవిల్‌పట్టి దాటాక వచ్చే నల్లరేగడి పల్లె. పత్తి పండించే ఇల్లు. కూతురింట్లో కూర్చుని తినకూడదన్నది ఆమె పట్టింపు. ఎప్పుడు వచ్చినా సాయంత్రం బస్సుకే తిరిగి వెళ్లిపోయేది. ఈసారి అది కుదరలేదు. ఒక కంటి చూపు ఎప్పుడో పోయింది. రెండో కంటికి పొర కమ్మితే ఇక్కడి ఆసుపత్రిలో ఆపరేషను చేశారు. కట్టు విప్పేవరకు కొన్ని వారాలు మా ఇంట్లోనే ఉండాలి.

అమ్మ సంతోషం అంతా ఇంతా కాదు. సున్నంలో నీలిమందు కలిపి గోడలకు తానే వేసింది. పెట్టె అడుగున దాచిన పూల దుప్పటి తీసింది. పక్కింటి ఇనుప మంచం అరువు తెచ్చింది. నేను రంగు కాగితాలతో చిలుకలు కత్తిరించి, దారానికి గుచ్చి కిటికీకి కట్టాను.

మా నాయన షిఫ్టు దిగి, ఆసుపత్రికి వెళ్లి, జుట్టులో దూది పింజలతోనే ఇంటికి వచ్చాడు. కట్టు విప్పేదాకా అవ్వ వంగకూడదు, తూలకూడదు, దేనికీ తగలకూడదు. కుట్లు కదిలితే ఆ ఉన్న ఒక్క కన్నూ దక్కదని డాక్టరు చెప్పారట.

"మీ అమ్మ ఒకరి చెయ్యి పట్టుకోని నడిచే మనిషి కాదే," అన్నాడు నాయన. "అడగదు. తానే లేచి పోతాది."

అమ్మ గది మధ్యలో నిలబడి నాలుగు వైపులా చూసింది... నీలి గోడలు, పూల దుప్పటి, కాగితపు చిలుకలు. అన్నీ కళ్లకోసం అమర్చినవే.

ముందుగా ఇనుప మంచాన్ని తిరిగి ఇచ్చేసింది. తరువాత గడపమీద కూర్చుని కళ్లు మూసుకుంది. చాలాసేపు అలాగే ఉండిపోయింది. తాను పుట్టిపెరిగిన ఇంట్లో, తన తల్లి గదిలో మనసుతోనే నడుస్తోందని నాకు అప్పుడు తెలియలేదు. లేచాక ఒక్కొక్కటే సర్దింది. కాళ్లు వెంటనే నేలకు ఆనేలా ఎత్తు తక్కువ నులక మంచం. తల తూర్పుకు. ఎడమచేతి పక్కన చిన్న పీట, దానిమీద నీళ్ల చెంబు. భుజం ఎత్తులో గోడకు, ఏదైనా తగిలించుకోను ఒక కొయ్య వంకె.

పెరటి తలుపు మాత్రం అవ్వ ఇంట్లో ఉన్న వైపు లేదు. తలుపును జరపలేం కదా... దానికి నాయన మార్గం చూశాడు. మిల్లులో తూకానికి అమ్మే వేస్టు నూలు తెచ్చి, మెత్తని తాడు పేని, మంచం దగ్గరనుంచి తలుపు వరకు గోడ వెంట కట్టాడు. మెట్టు వచ్చే చోట ఒక ముడి వేశాడు.

తరువాత అమ్మ నా కళ్లకు తువ్వాలు కట్టి నడవమంది. మోకాలు పీటకు తగిలింది. అమ్మ పీటను కాస్త జరిపింది. మళ్లీ నడిచాను. దేనికీ తగలకుండా పెరట్లోకి చేరేదాకా వదల్లేదు. ఇక చిలుకలు కూడా తీసేస్తుందేమోనని దిగులు పడి అడిగాను.

"ఉండనీ పాపా," అంది. "గాలి వీస్తే సద్దు చేస్తాయి. కిటికీ ఎక్కడుండేదీ అవ్వకు తెలుస్తాది."

అవ్వ వచ్చింది. కంటికి కట్టు, చంకలో ఒక సంచి. అల్లుడి అన్నం తినకుండా ఉండటానికి ఊరినుంచి తెప్పించుకున్న సజ్జలు! మంచంమీద కూర్చోగానే ఆమె ఎడమచెయ్యి దానంతటదే పక్కకు వెళ్లింది. చెంబు అంచు తగిలింది. చెయ్యి అక్కడే ఆగిపోయింది. కాసేపటికి పైకెత్తి, వంకెను వెతక్కుండానే సంచి తగిలించింది.

"ఏమదే, గలగలమంటుండాది?" అని మాత్రం అడిగింది.

"చిలకలవ్వా... కాగితం చిలకలు."

"ఎగిరిపోకుండా బద్రంగా చూసుకో."

మర్నాడు తెల్లవారి మిల్లు సంగు, అదే సైరను, కూయగానే పక్క గదిలో నులక కిర్రుమంది. నాయన అన్నట్లే అవ్వ ఎవరినీ పిలవలేదు. అమ్మ నా పక్కన ఊపిరి బిగబట్టి పడుకుంది. వెళ్లి పట్టుకుంటే అవ్వ ఆ రోజే బస్సెక్కుతుంది... తూలితే కన్ను పోతుంది. గోడవెంట చెయ్యి రాసుకుంటున్న చప్పుడు. ముడి దగ్గర ఆగింది. మెల్లగా ఒక అడుగు దిగింది. కొంతసేపటికి అదే దారిన వెనక్కి వచ్చి, మంచం మళ్లీ కిర్రుమన్నాక అమ్మ ఊపిరి వదిలింది.

ఆ తరువాత రోజులు నెమ్మదిగా గడిచాయి. సజ్జలు అయిపోయిన పూట అమ్మ అన్నం వడ్డించింది. అయిపోయాయని అమ్మ చెప్పలేదు, అవ్వా అడగలేదు.

కట్టు విప్పిన రోజు, దళసరి కళ్లద్దాలతో అవ్వ గడప దగ్గర నిలబడి తానున్న గదిని మొదటిసారి చూసింది. నీలి గోడలు చూసింది. పూల దుప్పటి చూసింది. "ఇది ఎవరి ఇల్లే?" అంది. అమ్మ ముఖం చిన్నబోయింది.

అవ్వ లోపలికి వెళ్లి మంచంమీద కూర్చుంది. అద్దాలు తీసి కళ్లు మూసుకుంది. ఎడమచెయ్యి చాపి చెంబందుకుని నీళ్లు తాగింది.

"ఇప్పుడు సరి. కండ్లు మూస్తే మా ఇల్లు, తెరిస్తే నీ ఇల్లు... ఇంకా నాలుగు దినాలు ఉండి పోతానే."

అమ్మ కొంగుతో ముఖం తుడుచుకుంటూ పొయ్యి దగ్గరకు వెళ్లిపోయింది.

ఇప్పుడు కోయంబత్తూరులో ఇళ్ల లోపలి అమరికలు చేయడమే నా వృత్తి. గెస్టు రూము ఇలా ఉండాలని ఫోనులో బొమ్మలు చూపిస్తారు. "ఆ గదికి ఎవరు వస్తారండీ?" అని నేను మొదట అడుగుతాను. భార్యాభర్తలు ఒకరి ముఖం ఒకరు చూసుకుంటారు. ఎవరైనా రావచ్చు కదా, అంటారు. వాళ్ల తప్పేమీ లేదు... వచ్చినవాళ్లూ భోజనం చేసి రాత్రికే కారెక్కి వెళ్లిపోతున్నారు. గదులు మునుపటికంటే అందంగా ఉన్నాయి. ఫలానా మనిషి వస్తోందని చెంబును జానెడు ఇటు జరిపే పనే మనకు తగ్గిపోయింది.

మీ ఇంటికి ఎవరు వస్తున్నారంటే ఏ వస్తువు చోటు మారేది? గుర్తుంటే ఇక్కడ రాయండి... నెమ్మదిగా చదువుకుంటాను.