బొంతల గదిలో అత్తమ్మ పాట

మా అత్తమ్మ పోయిన నెల కన్నుమూసింది. మిర్యాలగూడలో మా ఇంట్లోనే, పొద్దున చాయ్ తాగి, ఎండకు వేసుకున్న కుర్చీలోనే పోయింది. గొంతుకు ఆపరేషన్ అయ్యాక కూడా ఆమె కొన్నేళ్ళు మా మధ్య తిరిగింది. ఆ ఏళ్ళ గురించి, అంతకు ముందటి రోజుల గురించి మీకు చెప్పాలని ఉంది.

నాది కోదాడ. పెళ్ళై వచ్చినప్పుడు చీరల పెట్టెతో పాటు ఒక మైకు, లాప్‌టాప్ తెచ్చుకున్నాను. సొంతంగా పాటలు కట్టి, పాడి, రికార్డు చేసుకోవడం కాలేజీ రోజుల నుంచీ అలవాటు. కొత్త కోడలు పడగ్గది తలుపేసుకుని పాడుతుంటే అత్తగారు ఏమంటుందోనని భయంగా ఉండేది. ఒకరోజు ఆమె తలుపు తోసుకుని వచ్చింది.

"మాటిమాటికి పాట ఎందుకు ఆపుతున్నవ్?"

"గోడలకు తగిలి గొంతు మోగుతోంది అత్తయ్యా. బయటి చప్పుళ్ళు కూడా పడుతున్నాయి."

ఆ సాయంత్రమే అటక మీది బొంతలన్నీ దింపించి, మేకులు కొట్టించి, గోడల నిండా వేలాడదీయించింది. అప్పటి నుంచి నేను పాడటానికి కూర్చుంటే పొయ్యి మీది కుక్కర్ దించేసేది. కూరగాయల బండి కేకలు దగ్గరపడితే గేటు దాకా వెళ్ళి, "జర ఆగు, మా కోడలు పాడుతున్నది" అనేది. అతనూ ఆగేవాడు.

ఆమె పుట్టిల్లు త్రిపురారం. వయసులో ఉన్నప్పుడు నాట్లు వేసే ఆడవాళ్ళ ముందు పాట ఎత్తుకునేది ఆమేనట. "పక్కదాని గొంతు ఇనుకుంట పాడాలె. నీదే ఇనబడితే అది పాట కాదు, లొల్లి" అని నాకు చెప్పేది.

మా పిల్లలు బడికి వెళ్ళే వయసుకు ఆమె గొంతు బొంగురుపోయింది. హైదరాబాద్ దవాఖానలో స్వరపేటిక తీసెయ్యాలన్నారు. తీస్తే మాట ఉండదు. ఇంటికొచ్చాక మా ఆయన వరండాలో కూర్చుని ఏడ్చాడు. ఆమె నా గదిలోకి వచ్చి మంచం మీద కూర్చుని లాప్‌టాప్ వైపు వేలు చూపింది.

"నా గొంతు ఇందుల పెట్టు. ఖతం కాకముందే పెట్టు."

నాట్లప్పటి పాట ఎత్తుకుంది. మధ్యలో దగ్గు తెర వచ్చింది. మళ్ళీ మొదలుపెడదామన్నాను.

"దగ్గు గూడ నాదే. ఉండనియ్" అంది.

పాట అయ్యాక మాటలు కూడా పెట్టించింది. పిల్లలను అన్నానికి పిలిచింది. నన్ను "ఓ పిల్లా" అంది. ఆపరేషన్ తర్వాత ఆ పిలుపులన్నీ ఆమె ఫోన్‌లో ఉండేవి. వంటింట్లోంచి ఒకటి నొక్కితే పిల్లలు పరుగెత్తుకొచ్చేవారు. కోపమొస్తే ఆపకుండా నొక్కేది.

పాటను మాత్రం నేను చాలా రోజులు ముట్టుకోలేకపోయాను. చివరికి ఆమే హెడ్‌ఫోన్లు తెచ్చి నా చేతిలో పెట్టింది. నేను వంత పాడి, డప్పు కలిపి, మిక్సింగ్ చేస్తుంటే పక్కన కూర్చుని వింది. పోయిన గొంతు వింటే ఏమైపోతుందోనని నాకు దిగులు. ఆమె నా వైపు వేలు చూపి, అరచేయి పైకెత్తింది. అర్థం కాలేదు. మళ్ళీ ఎత్తింది. నా గొంతు పెంచమంటోంది. ఆమెది నిలవాలని నాది వినపడీ వినపడనంతగా దించేశాను మరి. పెంచాను. ఇంకా, అంది ఆ చేయి. రెండు గొంతులూ పక్కపక్కన నిలబడ్డాక తొడ మీద తాళం వేయడం మొదలుపెట్టింది. ఆ తర్వాత నేను చేసిన ప్రతి పాటలోనూ వినిపించే చప్పట్లు ఆమెవే.

కర్మలు అయ్యాక చుట్టాలంతా వెళ్ళిపోయారు. త్రిపురారం నుంచి వచ్చిన ఆమె చెల్లెలు మాత్రం కదల్లేదు.

"అక్కను పెట్టినట్టు నన్ను గూడ పెడతవా బిడ్డా? ఆమెకు రాని పాటలు నాకొస్తయ్" అంది.

చాలా రోజుల తర్వాత నాకు నవ్వొచ్చింది. మంచం మీద కూర్చోబెట్టి మైకు ఆమె ఎత్తుకు సర్దాను. కొంగు వెనక్కి తీసుకుని హెడ్‌ఫోన్లు పెట్టుకుంది. రికార్డు నొక్కాను. ఆమె కళ్ళు మూసుకుని ఊపిరి తీసుకుంది. పాట ఇంకా మొదలవలేదు. లాప్‌టాప్ తెర మీద, ఆ ఊపిరికే, గొంతును చూపే పచ్చని గీత సన్నగా కదిలింది.