మీసాల వరి మీద నిఘా

విత్తన కేంద్రంలో ఆమెను అందరూ పోలీసమ్మ అంటారు. మడిలో కలిసిపోయిన వేరే రకం మొక్కను గట్టు మీద నుంచే పసిగట్టి పీకేయడం ఆమె ఉద్యోగం. అనుమానించడానికి కూడా జీతమిచ్చే చోటు ఇదొక్కటేనని భర్త ఎగతాళి చేస్తాడు. పక్కింటివాళ్లు నవ్వుతూ పలకరించినా ఏం అప్పు అడగబోతున్నారోనని చూసే మనిషి.

కొన్నేళ్ల కిందట ఆమెను పాత వరి రకాల మడికి మార్చారు. అక్కడ పని తలకిందులైంది. పొట్టివీ పొడుగువీ, ఎర్ర గింజవీ తెల్ల గింజవీ కలిసే పెరగాలి, ఏదీ పీకకూడదు. కోతప్పుడు ప్రతి దుబ్బు నుంచీ ఒక్కో కంకి తీసి, ఆ విత్తనమే మరుసటి ఏడు వేస్తారు. వాటిలో గింజ కొసన ముల్లులాంటి మీసాలున్న ఎర్ర వరికి మెడవిరుపు తెగులు అంటదు. కొత్త వంగడం కోసం దాన్ని మరో రకంతో కలపాలని శాస్త్రవేత్త మేడమ్ చూస్తున్నారు.

ఆ మీసాల వరే ఏటేటా తరిగిపోతూ, ఈసారి ఒక మూల నాలుగైదు దుబ్బులకు వచ్చింది. ఎలుకలు రకం చూసి తినవు. కంకులు కోసేది పోలీసమ్మ తోటికోడలు. ఆ తోటికోడలి అన్న ఈమధ్యే విత్తనాల కొట్టు తెరిచాడు. అనుమానానికి ఇంకేం కావాలి?

కోత రోజు, తోటికోడలు చేతులు కడుక్కోవడానికి వెళ్లగానే పోలీసమ్మ ఆమె సంచి బోర్లించింది. టిఫిన్ డబ్బా, దువ్వెన, చేతి రుమాలు. తలెత్తేసరికి తోటికోడలు ఎదురుగా ఉంది.

“దువ్వెన పళ్లు కూడా లెక్కపెట్టుకో అక్కా.”

“మీసాల కంకులేవి?”

“అవా? చేతులకి గుచ్చుకుంటాయని మొదట్నుంచీ వదిలేస్తున్నా. పక్క దుబ్బులో రెండు కోస్తే లెక్క సరిపోతుందిగా. కంకి కంకే కదా.”

అంటే మీసాల గింజ ఏ ఏడూ విత్తనంలోకి వెళ్లనే లేదు, రాలి మొలిచినవే ఇన్నాళ్లూ మిగిలాయి. మడిలో ఉన్నవి పోతే ఇక లేనట్టే.

పోలీసమ్మ ఆ మాటనూ నమ్మలేదు. ఒక మీసాల కంకిని అరచేతిలో నలిపి చూసింది. నిజంగానే గుచ్చుకుంది. ఆ దుబ్బులన్నీ తనే కోసింది, కొడవలి తోటికోడలి చేతికివ్వలేదు. మేడమ్ ఆ గింజల్ని కవర్లో పోసి, ఈ ఏడు రకాలు కలపడం మాని ముందు వీటినే పెంచుదామన్నారు. కవరుకు సీలు పడేదాకా పోలీసమ్మ గది వదల్లేదు.