గాటు పడని చెక్క

మా మేనత్త పోయిందన్న కబురు కొబ్బరికాయల బండితో వచ్చింది. పలాస స్టేషను దగ్గర బండి ఆపి, కాయలు దింపుతూ దింపుతూ, మా ఊరి బండివాడు చెప్పాడు.

"మావా, నీకు సెప్పమన్నారు. నిన్న పొద్దున్న మీ అత్త ఎల్లిపోనాది. సల్ది తినీసి, సెయ్యి కడుక్కోని, గోడకి సేరబడింది. మరి లెగనేదు."

మంచి చావు అన్నారు అక్కడున్నవాళ్లు. నేనూ అన్నాను. చదివేవారికి మాత్రం ముందుగా ఒక చెడ్డ సంగతి చెప్పాలి. ఆ కబురు విన్నప్పుడు నాకు ఏడుపు రాలేదు. నెత్తిమీది మూట దిగినట్టయింది. ఇక ఆవిడ నన్ను రమ్మని కబురు పెట్టదు, ఇక నేను సాకులు వెతుక్కోనక్కర్లేదు అనిపించింది. ఏడుపు ఆ తర్వాత వచ్చింది. దాని వెనకే సిగ్గు వచ్చింది. ఏడుపు రెండు రోజులకి వెళ్లిపోయింది గాని, సిగ్గు మా ఇంట్లోనే కాపురం పెట్టింది.

మా అత్త పనసపొట్టు కొట్టేది. ఉద్దానం వాళ్లకి ఈ మాట చాలు. దూరపువాళ్ల కోసం కొంచెం చెబుతాను. గింజ ముదరని లేత పనసకాయను పైచెక్కు తీసి, చెక్క మీద నిలబెట్టి, బరువైన కత్తితో సన్నగా కొట్టాలి. కాయ తిరుగుతూ ఉండాలి, కత్తి పడుతూ ఉండాలి. కత్తిపీట మీద తరిగితే అది ముక్కల కూర అవుతుంది, పొట్టు కాదు. ఆవపెట్టిన పొట్టుకూర లేని పెళ్లి మా వైపు పెళ్లి కిందే లెక్కకాదు. మా అత్త కొడుతుంటే తాటాకు మీద వాన పడుతున్నట్టుండేది. ఆ చప్పుడు వినడానికి పెళ్లివారి పిల్లలు వాయిద్యాలు వదిలేసి వచ్చేవారు.

కత్తి ఎవరిదైనా ఆవిడకి పరవాలేదు. చెక్క మాత్రం తనదే కావాలి. మూరెడు పొడవు, బెత్తెడు మందం ఉన్న చింతచెక్క. రెండు వైపులా నడిమధ్య అరచెయ్యంత పల్లం పడి ఉండేది. దాన్ని గోనెలో చుట్టి నా బండిలో పెట్టేది, తను దాని పక్కన కూర్చునేది. వజ్రపుకొత్తూరు నుంచి టెక్కలి దాకా ఎక్కడ పెళ్లయినా బండి నాది, చెయ్యి ఆవిడది.

మేము నీసు తినేవాళ్లం. నీసు ముట్టని ఇళ్లవాళ్లు మా అత్తను వంటింటి గడప తొక్కనివ్వరు. పెరట్లో పందిరి కింద మాత్రం పొట్టు కొట్టనిస్తారు. ఇందులో న్యాయం ఏపాటిదని ఆవిడ అడగలేదు, నాకు అడగాలని తోచలేదు. ఒకసారి టెక్కలిలో ఒక ఇంటి పెద్దావిడ ఆ చెక్కని ఎగాదిగా చూసి, "ఏమే, దీని మీద చేపలు కొయ్యవు కదా?" అంది.

"నాను తింతాను తల్లీ. నా సెక్క తిన్దు," అంది మా అత్త.

ఆ మాట ఊరూరా పాకింది. ఆ మాట మీదే ఆవిడని పిలిచేవారు.

చెక్కని ఆవిడ చూసుకునే తీరు చెప్పాలి. పనసపాలు జిగురు, బంక. కొట్టబోయే ముందు కొబ్బరినూనె రాసేది, పని అయ్యాక బంక ఆరకముందే కొబ్బరిచిప్పతో గీకేది, బూడిద చల్లి పీచుతో రుద్దేది. నీళ్లు చిలకరించడమే, నానబెట్టడం లేదు. ఎండలో పెట్టేది కాదు, తడి నేలమీద పడుకోబెట్టేది కాదు. ఉత్తరపు గోడకి నిలువుగా చేరేసేది. "మనిషికైనా సెక్కకైనా రెండు పక్కలా గాలి తగలాల," అనేది. ఒక పెళ్లికి ఒక వైపు, మరో పెళ్లికి రెండో వైపు. ఒకసారి మా ఆవిడ మీద నేను కేకలేస్తుంటే విని, "ఒకే పక్కన కొడితే ఏ సెక్కైనా ఒంగిపోద్దిరా," అని తన దారిన తను పోయింది. ఆ రోజు నాకు కోపం వచ్చింది. మా ఆవిడ మాత్రం ఆ మాటని ఇప్పటికీ నా మీద వాడుతుంది.

కొత్త చెక్క చెయ్యాలంటే ఏ మాను పడితే ఆ మాను పనికిరాదు. వేప చేదు దింపుతుంది. మామిడి నీళ్లు తాగి ఉబ్బుతుంది. టేకుకి గీర ఎక్కువ, కత్తినే మొద్దుబారుస్తుంది. చింత దెబ్బ తింటుంది, పొట్టు రాల్చదు. అయితే కోసిన చింతని రెండేళ్లు నీడన ఆరనివ్వాలి, లేకపోతే బీటలిస్తుంది. ఇవన్నీ నేను పుస్తకంలో చదివినవి కావు. నా చదువు పలాస స్టేషను బోర్డు. ఆ మూడక్షరాలు పట్టుకుని, వాటికి గుణింతాలు తగిలిస్తూ, బెల్లం చుట్టిన కాగితాలు చదువుకుంటూ ఇంతవాణ్ణయ్యాను. అప్పట్లో చదువు వచ్చింది కదా అని తెలివి కూడా వచ్చిందనుకున్నాను. ఈ కథ అక్కడే చెడింది.

నాకు కొత్తగా పెళ్లయింది. బావమరుదులిద్దరు చూడ్డానికి వచ్చారు. వాళ్ల ముందు గొప్పకి పోయి సముద్రపు ఒడ్డుకి వెళ్లి, చంటిపిల్లంత కోనెం చేపని భుజం మీద వేసుకొచ్చాను. ఒడ్డునే కోయించుకు రావచ్చు. అప్పుడు ఆ పొడవు వాళ్లెలా చూస్తారు? ఇంట్లో కత్తిపీట ఆ చేపకి చాలలేదు. మా అత్త కూతురి పురిటికని హరిశ్చంద్రపురం వెళ్లింది. ఆవిడ ఇల్లు పక్కనే. చెక్క ఉత్తరపు గోడకి చేరేసి ఉంది.

దాని మీదే కోశాను. ముక్కలు బ్రహ్మాండంగా తెగాయి. తర్వాత చింతపండు, బూడిద వేసి తోమాను, ఎండలో పెట్టాను, గిన్నెడు కొబ్బరినూనె పట్టించాను, యథాస్థానంలో చేరేశాను. ముక్కు ఆనించి చూస్తే కొబ్బరి వాసన తప్ప ఏమీ లేదు. నూనె రాస్తే వాసన పోదని, లోపలికి వెళ్లి దాక్కుంటుందని నాకు ఏ బెల్లం కాగితమూ చెప్పలేదు.

మా అత్త తిరిగొచ్చిన వారానికే టెక్కలిలో పెళ్లి. "నా సెక్క తిన్దు" అన్న మాట పుట్టిన ఇంట్లోనే. పందిరి కింద పనసకాయలు కుప్ప పోశారు. మా అత్త కూర్చుని, చెక్కకి నూనె రాసి, అరచేత్తో రుద్దింది. మధ్యాహ్నపు వేడి. రుద్దుతున్న చెయ్యి ఆగింది. చెయ్యి ముక్కు దగ్గర పెట్టుకుంది. తలెత్తి, ఎడ్లకి గడ్డి వేస్తున్న నన్ను చూసింది. చెక్క మీద ఇంకా కత్తి పడలేదు. నేను గడ్డి వైపు చూశాను.

ఆవిడ చెక్కని గోనెలో చుట్టేసి, దాని మీద కూర్చుంది.

"నా సెక్క పగిలిపోనాది తల్లీ. నాను కొట్టలేను. ఇంకో మనిషిని పిలిపించుకోండి," అంది.

ఇంటావిడ అగ్గయిపోయింది. "ముహూర్తం దగ్గర పెట్టుకుని ఇప్పుడా చెప్పడం? ఏదీ, చూపించు."

"సూడకూడదమ్మా. పగిలిన సెక్క సుబానికి సూడకూడదు."

చేపమాట బయటికొస్తే ఆ వీధిలో నా బండి మళ్లీ తిరిగేది కాదు. నా కూడు ఆ బండి. అది ఆవిడకి తెలుసు, నాకూ తెలుసు. ఆవిడ తన పేరు తీసి నా పేరు మీద కప్పింది. నేను ఎడ్ల పక్కన నిలబడి, కప్పించుకున్నాను. పందిట్లో చెక్క పగలడం అపశకునమన్నారు. ఆ చెయ్యి మంచిది కాదన్నారు. ఇన్నేళ్ల పేరు ఒక్క పూటలో పోయింది.

ఊరు దాటాక నేనే మొదలుపెట్టాను.

"అత్తా, బూడిదేసి తోమేను."

"తోమేవు."

"సింతపండు కూడా ఏసేను."

"ఏసే ఉంటావు."

"ఆలకేటి తెలుస్తది? కొట్టీవలసింది."

"ఆలకి తెలీదురా. నాకు తెలిసిపోనాది గదా."

కొంత దూరం పోయాక మళ్లీ తనే అడిగింది. "సేప రుసిగా ఉందేటి?"

"ఉంది."

"పోన్లే."

తిట్టి ఉంటే బాగుండేదని ఆ తర్వాత చాలాసార్లు అనుకున్నాను. తిట్టు తింటే అరుగుతుంది. ఆ 'పోన్లే' ఇంకా అరగలేదు.

ఇంటికొచ్చాక చెక్కని నా గుమ్మంలో పెట్టింది. "ఇది నీసు సెక్క. నువ్వే ఉంచుకో," అంది. కొత్తది చేయించి తెస్తానన్నాను. రెండేళ్లలో తేవలసింది ఆరేళ్లు చేశాను. ఒక ఏడు మాను దొరకలేదన్నాను, ఒక ఏడు వడ్రంగి దొరకలేదన్నాను. నిజానికి దొరకనిది ఆవిడకి చూపించే మొహం. ఈలోగా పెళ్లివారు వేరే చెయ్యి చూసుకున్నారు. మా అత్త కొబ్బరిపీచు తాళ్లు పేనుకుంటూ బతికింది.

చివరికి తెచ్చాను. మంచి చింత, నీడన ఆరింది, ఎక్కడా ముడి లేదు. ఆవిడ దాన్ని వేలితో తట్టి చెవి పెట్టి విన్నది. "బాగుంది," అంది. "తెచ్చిన సెయ్యే మొదటి గాటు పెట్టాల. పనస దిగీనాక రా. నలుగుర్నీ పిలుత్తాను."

మా వైపు అది ఆచారమే. వస్తానన్నాను. నలుగుర్నీ పిలుస్తానన్న మాటే నన్ను ఆపింది. పాత చెక్క ఏమైందని ఆ నలుగురిలో ఒక్కరు అడిగితే ఏం చెప్పాలి? ఆ ఏడు ఎడ్లకి జబ్బన్నాను. మరుసటేడు పలాసకి కాపురం మార్చాను. ప్రతి మాఘంలో బండివాళ్లచేత కబురు వచ్చేది: "పనస దిగింది, రమ్మంది." ప్రతిసారీ వస్తానని చెప్పి పంపేవాణ్ణి. అబద్ధాలు కూడా ఏటా కాపుకొస్తాయి.

ఆవిడ పోయిన పదో రోజుకి వెళ్లాను. ఆవిడ కోడలు, వరసకి నాకు చెల్లెలు, ఉత్తరపు గోడ దగ్గరికి తీసుకెళ్లింది. గోనె తీసింది. నేను తెచ్చిన చెక్క. నల్లగా, నున్నగా, నూనె తాగి తాగి మిలమిలలాడుతోంది. చెయ్యి వేసి చూశాను. ఒక్క గాటు లేదు.

"అమాస అమాసకీ నూనె రాసేది అన్నియ్యా. ఇంట్లో కాయ కోసుకోవాలన్నా ఇది ముట్టనిచ్చేది కాదు. 'మీ అన్నియ్య వత్తాడు, గాటెడతాడు' అనేది. నూనె దండగని మీ బావ ఇసుక్కునేవోడు కూడాను."

పెరట్లో భోజనాలకి వచ్చిన నలుగురూ కూర్చుని ఉన్నారు. ఆవిడ పిలుస్తానన్న నలుగురూ అట్లా వచ్చారు. నిలబడే చెప్పాను. టెక్కలిలో చెక్క పగల్లేదని, దాని మీద నేను చేప కోశానని, ఆవిడ నా కోసం అబద్ధమాడిందని. చెప్పడానికి రెండు నిమిషాలు పట్టలేదు. దీనికే ఇరవై ఏళ్లు తిరిగాను.

మా వీధి ముసలాయన ఒకడు చుట్ట తీసి ఉమ్మేసి అన్నాడు. "మాకు ఎరికేరా గుంటడా. పగిలిందన్న సెక్క మీ ఇంట్లో పిసరంత బీట నేకుండా ఉంది. నీ ఇంటికొచ్చి దాని మీద కోసిన సేపలే తిన్నాం గదా."

"మరి నన్నొక్కరూ అడగలేదేం?"

"మీ అత్త అడగొద్దంది. 'ఆడే సెప్తాడు, మీరు అడక్కండి' అంది."

నేను ఆ చెక్కని ఇంట్లో అందరి కళ్లముందూ పెట్టుకుని రహస్యం కాపాడుకున్నాను. ఇంత చదివినవాణ్ణి, అది తోచలేదు. ఊరికి తెలుసు సరే, టెక్కలి ఇళ్లకి తెలియదు. వాళ్లలో ఎవరైనా ఇది చదివితే దయచేసి తెలుసుకోవాలి. ఆవిడ చెయ్యి మంచిది. ఆవిడ చెక్క పగల్లేదు.

కోడలు పెరట్లో చెట్టు నుంచి ఒక లేత కాయ దింపి తెచ్చింది. కత్తి నా చేతికిచ్చింది. నాకు పొట్టు కొట్టడం రాదు. కాయ నిలబెట్టి ఒక దెబ్బ వేశాను. వంకరగా పడింది. కాయలోంచి పాలు కారాయి. ఆ జిగురుపాలు ఎక్కడ పడితే అక్కడ పట్టుకుంటాయి గాని, ఇన్ని అమావాస్యల నూనె తాగిన ఆ చెక్క మీద నిలవలేదు. బొట్లు బొట్లుగా జారి, అంచుదాకా వెళ్లి, నేలమీద పడ్డాయి. నేను పెట్టిన గాటులో మాత్రం ఒక్క బొట్టు ఉండిపోయింది, తెల్లగా.