ఆ ముగ్గురూ ఎలా పోయేరు

నా చిన్నప్పుడు, మాఘమాసంలో ఒక గురువారం పగలు పదకొండు గంటలకు, మామిడికుదురు దగ్గర మా ఇంట్లో తాతయ్య తద్దినం మొదలైంది. పంతులుగారు అడగ్గానే మా నాన్న తన తండ్రి, తాత, ముత్తాత పేర్లు తడుముకోకుండా చెప్పారు.

అప్పటికి కొన్నాళ్లుగా కొబ్బరితోటలో నాలుగడుగులు వేస్తే నాన్నకి ఆయాసం, ఎడమచెయ్యి లాగడం. వాయువు అనేవారు, సోడా తాగేవారు. ఆయన మూత్రానికి చీమలు పట్టేవి. అది షుగరు గుర్తని తెలిసీ ఇంట్లో ఎవరం నోరెత్తలేదు. పోయినవాళ్ల జబ్బు పేరెత్తితే అది మళ్లీ ఇంట్లోకి వస్తుందని మావాళ్ల భయం. ‘కాలం చేసేరు’ అంటారు, అంతే.

పంతులుగారు స్వయంపాకం తీసుకుని వెళ్లాక విస్తళ్లు వేశారు. ఆడపడుచు తినకపోతే మాకు తద్దినం పూర్తయినట్టు కాదు. మా మేనత్త విస్తరి ముందు కూర్చుంది గానీ అన్నంలో చెయ్యి పెట్టలేదు.

“ముగ్గురి పేర్లూ గడగడా చెప్పేవు కదరా తమ్ముడూ. ముగ్గురూ ఎలా పోయేరో అదీ చెప్పు, తింటాను.”

“అన్నం ముందు ఇవేం మాటలక్కా!”

“చెప్పరా.”

నాన్న తల దించుకున్నారు. “నాన్నకి గుండెనొప్పి. తాతకీ అంతే. ముత్తాత చేలో కూలబడిపోయేరంట.”

“మరి వాళ్లకీ, నీకూ పట్టిన చీమలో?”

గారెలు చల్లారిపోయాయి. నానమ్మ చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. చివరికి నాన్నే లేచి చొక్కా తొడుక్కున్నారు. అప్పుడు నాలుగు ముద్దలు తిని, అత్తే ఆయన్ని అమలాపురం బస్సెక్కించింది.

అక్కడ డాక్టరుగారు కూడా మొదట అదే అడిగారట. ఒంట్లో ఇన్సులిన్ ఉన్నా ఒళ్లు దాని మాట వినకపోవడం కొన్ని వంశాల్లో రక్తంలోనే వస్తుందనీ, గుండెకి ముప్పు కూడా దాని వెనకే వస్తుందనీ చెప్పారు. అయినా అది నుదుటిరాత కాదు, ముందే తెలిస్తే మందూ, తిండీ, నడకా మన చేతిలోవే అన్నారట. నాన్న చివరికి గుండెతోనే పోయారు. కానీ మనవల్ని ఎత్తుకుని, ముసలివాడై పోయారు.

నాకూ షుగరుంది. అక్షరాలు నాకు పెద్దయ్యాకే వచ్చాయి గానీ, ఇది మాత్రం ఆ రోజే వచ్చింది: ఇంటి జబ్బు ఇంట్లోవాళ్ల దగ్గర దాచకూడదు. నా పిల్లలకి అంతా చెప్పాను. నాది చెడ్డనోరు అన్నారు వాళ్లు. అననీ, రక్తపరీక్ష మాత్రం మానడం లేదు.

ఆ రోజు అక్కడున్నది పంతులుగారు, నానమ్మ, నాన్న, అమ్మ, మేనత్త, నేను. నేను తప్ప అందరూ వెళ్లిపోయారు. ఎవరు దేనితో పోయారో అడగండి, చెబుతాను.