గ్లాసు కింద మిగిలిన పాచిక

2008 ఆగస్టు 3, ఆదివారం. తాడిపత్రి.

మా మరిది పోయి ఇవాళ్టికి పంతొమ్మిది రోజులు. కర్మకాండ ముగిసేదాకా కాగితం ముట్టలేదు. నిన్న అతని కంప్యూటరుకు ఒక ఉత్తరం వచ్చింది. అది చదివిన కోపంలో ఇది రాస్తున్నాను. సంతాపం ఉండవలసిన చోట కోపం కనిపిస్తే చదివేవారు సర్దుకోవాలి.

అతను ఐదేళ్లుగా నెట్‌లో ఒక కంపెనీవాళ్ల దగ్గర ఒక గది తెరిచి ఆట నడిపించాడు. గది అంటే నాలుగు ఊళ్లలో ఉన్న నలుగురు ఒకేసారి మాట్లాడుకునే, రాసుకునే చోటు. అట్లాంటి పాత గదులన్నీ ఈ నెల 31తో తీసేస్తారట. కావలసినవాళ్లు తమ రహస్యపదం కొట్టి, లోపలికి వెళ్లి, రాసుకున్నది దించుకోవాలట. ఆ పదం అతనికొక్కడికే తెలుసు. ఆట నడిపించే అతను తలుపు తీస్తే తప్ప మిగతావాళ్లు లోపలికి పోలేరు.

అతను ఇక్కడ రాళ్ల పాలిష్ ఫ్యాక్టరీలో బండల మీద కోతగీతలు పెట్టేవాడు. పదేళ్ల కింద పనిమీద బెంగుళూరు వెళ్లి, ఫుట్‌పాత్ మీద అట్ట ఊడిన ఇంగ్లీషు పుస్తకం ఒకటి కొనుక్కొచ్చాడు. అది ఒక ఆట పుస్తకం. ఒకరు కథ నడిపిస్తారు, మిగతావాళ్లు తలా ఒక వేషం తీసుకుని తామేం చేస్తారో చెబుతారు. ఏమవుతుందో తెలియని చోట పాచిక వేసి తేల్చుకుంటారు. నేను బి.ఎ. చదివినదాన్ని. అర్థం కాని ప్రతి మాటకూ పుస్తకం పట్టుకుని నా దగ్గరికి వచ్చేవాడు.

ఆడేవాళ్లు ముగ్గురు. పామిడి నుంచి ఒక దర్జీ, ఇక్కడి ఆసుపత్రి నర్సు, లారీ ఆఫీసు గుమాస్తా. ఆదివారం మధ్యాహ్నం మా అరుగు మీది నల్లబండపై సుద్దతో గళ్లు గీసుకుని కూర్చునేవారు. పుస్తకంలో గుహలూ బంగారు రాసులూ ఉన్నాయి. అతను అవన్నీ తీసేశాడు. అతని రాజ్యంలో ఏడేళ్లుగా వాన లేదు. మొదటి రోజు అతను అడిగిన మొదటి మాట నాకింకా గుర్తుంది.

“మీ దగ్గర నీళ్లెన్ని ఉండాయప్పా?”

“నా దగ్గర కత్తి ఉండాది అన్నా” అన్నాడు దర్జీ.

“కత్తి తాగుతావా?”

ఆ రోజునుంచి ప్రతి వేషానికీ నీటితిత్తుల లెక్క ఉంది. ఎదురింటాయన ఒకసారి గుమ్మంలో నిలబడి, “ఏమప్పా, ఈ వయసులో జూదమా?” అన్నాడు. “దుడ్లు పెట్టి ఆడితే జూదం. మేము నీళ్లు పెట్టి ఆడతాండాం” అని తల ఎత్తకుండానే చెప్పాడు మా మరిది.

పాచిక కూడా తనే చేసుకున్నాడు. నల్లరాతి ముక్కను అరగదీసి ఇరవై ముఖాలు తీశాడు. నేను దాన్ని నాలుగు వందలసార్లు వేయించి రాసుకున్నాను. ఏడు ఎక్కువగా పడింది, ఒప్పుకోలేదు. అతను మళ్లీ నెలరోజులు అరగదీశాడు. మళ్లీ నాలుగు వందలు వేయించాక సరే అన్నాను. మా ఊరి గాలికి అరుగు మీద ఏదీ నిలవదు కనుక, వేసిన పాచిక మీద వెంటనే స్టీలు గ్లాసు బోర్లించేవాళ్లు. వేసినవాళ్లు అంకె చెప్పకూడదు. అందరూ ఉన్నప్పుడు వేరొకరు గ్లాసు ఎత్తి చెప్పాలి. ఆ పని నాకు వచ్చింది.

“వదిన అబద్ధం చెప్పదు. చెప్పాలనుకున్నా ఆమెకు చేతగాదు” అనేవాడు. అది మెప్పో ఎత్తిపొడుపో ఇప్పటికీ తేల్చుకోలేదు.

తరువాత ముగ్గురూ పనుల కోసం చెదిరిపోయారు. దర్జీ బళ్లారికి, నర్సు పుణెకు, గుమాస్తా చెన్నైకి. అప్పుడు నెట్‌లో గది తీసుకున్నారు. మొదట నెట్ సెంటరులో ఆడారు, తరువాత ఇంటికే లైను పెట్టించాడు. ఆట మొదలుపెట్టే ముందు మైకులో అడిగేవాడు: “నీళ్లు తాగినారా?” ఎవరి ఊళ్లో వాళ్లు ఒక గుక్క తాగాకే కథ మొదలయ్యేది.

ఆ గదిలో ఒక్కో వేషం వివరాలు నింపడానికి కంపెనీవాళ్ల కాగితం ఒకటి ఉండేది. అందులో కత్తికి గడి ఉంది, డాలుకు ఉంది, మంత్రాలకు ఉంది, బంగారానికి ఉంది. నీళ్లకు లేదు. మనమే గడి గీసుకుందామంటే వీలు లేదు. చివరికి నీటితిత్తుల సంఖ్యను బంగారం గడిలో రాసుకున్నారు. బంగారం నాలుగు అంటే నాలుగు తిత్తుల నీళ్లు. తెలుగులో రాస్తే అక్షరాల బదులు ఖాళీ డబ్బాలు కనిపించేవి. అంత బాగా కథ చెప్పే మనిషి ఇంగ్లీషు అక్షరాలతో కుంటుకుంటూ తెలుగు రాశాడు.

ఆ తరువాత మోసాలు ఆపడానికట, చేత్తో వేసిన పాచిక చెల్లదన్నారు. కంప్యూటరు వేసిన అంకే లెక్కట. నన్ను దొంగ అన్నట్టే కదా. ఆ వారం దర్జీ తేల్చి చెప్పాడు: “యంత్రం ఏసింది మాకొద్దు. వదినమ్మ చెప్పిందే రాసుకుంటాం.” నర్సూ గుమాస్తా కూడా అదే అన్నారు. యంత్రం అంకెను పక్కన పడేసి, నేను మైకులో చెప్పిన అంకెతోనే ఆడారు.

ఇవన్నీ రాసి కంపెనీకి నాలుగు ఉత్తరాలు పంపాడు. ఇంగ్లీషు నేను దిద్దాను. నాలుగుసార్లూ ఒకటే జవాబు: మీ సలహా మాకు ఎంతో విలువైనది. నాలుగింటినీ తేదీలు వేసి దాచాను. “వాళ్లు బొమ్మలు పెంచుతాండారు వదినా. మాకు కావాల్సింది బొమ్మలు కాదు. ఒకరి మాట ఒకరికి ఇనపడాల, ఆడింది మాకు మిగలాల. అంతే” అనేవాడు.

జూలై 13, ఆదివారం. కథలో ఐదు బావులు ఎండిపోయాయి. ఆరోది తవ్వుతున్నారు. దర్జీ వేషం బావి అడుగున ఉంది. పద్నాలుగు గానీ, పైన గానీ పడితే నీళ్లు. తక్కువ పడితే అడుగున రాయి తగిలినట్టు, ఊరు ఖాళీ చేసి పోవాలి. కంప్యూటరు పక్కనున్న బండముక్క మీద మా మరిది పాచిక వేసి గ్లాసు బోర్లించాడు. అప్పుడే లైను పోయింది. ఐదు గంటలదాకా చూశాం.

“వదినా, ఎత్తి చూసి రాసిపెట్టు. వాళ్లకు తర్వాత చెప్దాం.”

“వాళ్లు వినకుండా నేను ఎత్తను. పదేళ్లుగా లేని పద్ధతి ఇప్పుడెందుకు?”

నవ్వాడు. “అట్లయితే వచ్చే ఆదివారం దాకా దర్జీ బావిలోనే ఉంటాడు, పాపం.”

మంగళవారం పొద్దున పాలు తెచ్చి అరుగు మీద కూర్చున్నాడు, కూర్చున్నవాడు అట్లే ఒరిగిపోయాడు. ఆటో వచ్చేసరికే ప్రాణం లేదు. ఈ కోపంలో నా మీది కోపం కూడా ఉంది. ఆ రోజు ఎత్తి ఉంటే ఏం పడిందో అతనికి తెలిసేది. పద్ధతి తప్పలేదని మాత్రం ఇప్పటికీ అంటాను.

పదకొండో రోజు వచ్చిన జనానికి గ్లాసులు చాలలేదు. మా చిన్నకోడలు ఆ గ్లాసు మీద చేయి వేసింది. “దాన్ని వదిలెయ్” అన్నాను. పక్కింటికి పోయి గ్లాసులు అడిగి తెచ్చింది.

నిన్న కంపెనీకి రాశాను. అతను పోయాడు, నేను వదినను, ఆ రాత మాకు కావాలి అని. జవాబు ఇవాళ వచ్చింది. గది ఎవరి పేరున ఉందో ఆ మనిషి స్వయంగా, తన రహస్యపదం చెప్పి అడగాలట. పెన్నలో నీళ్లు లేక, ఇసుకలో చెలమ తీసి, ఊరిన కాసిన్ని నీళ్లలో అతని బూడిద కలిపి వచ్చాం. అతన్ని స్వయంగా రమ్మంటున్నారు.

ప్రతి పాచిక అంకె నా నోటు పుస్తకాల్లో తేదీతో సహా ఉంది. పదకొండు పుస్తకాలు. అంకెలు నా దగ్గర ఉన్నాయి. కథ వాళ్ల దగ్గర ఉంది. కనుక ఇక జరగవలసినవి:

1. ఆ గదిలోని రాత మొత్తాన్ని కంపెనీ 31 లోపల ఆడిన ముగ్గురికీ ఇవ్వాలి. ఆ మాటల్లో సగానికి పైగా వాళ్లవే. ముగ్గురూ సంతకాలు చేసి రేపే అడగాలి.

2. కంపెనీ ఇస్తుందని కూర్చోకుండా, ముగ్గురూ తమకు గుర్తున్న కథను ఇవాళ్టినుంచే రాయాలి. తెలుగులో, కాగితం మీద. వరుస తప్పిన చోట నా అంకెలు చూసి నేను సరిచేస్తాను.

3. ఇట్లాంటి గదులు కట్టేవాళ్లు ఎవరైనా, గడులు గీసుకునే పని ఆడేవాళ్లకు వదలాలి. వాళ్ల భాష కనబడాలి. చేత్తో వేసిన పాచికను, నమ్మేవాళ్లు నమ్ముకోనివ్వాలి. ఒక మనిషి పోతే తలుపు మిగతావాళ్లకు తెరుచుకోవాలి.

4. 31వ తేదీ ఆదివారమే. దర్జీ, నర్సు, గుమాస్తా మధ్యాహ్నానికి మా ఇంటికి రావాలి. లైను అక్కర్లేదు. ముగ్గురూ నీళ్లు తాగాలి. అప్పుడు గ్లాసు ఎత్తి అంకె చెబుతాను.

5. అందాకా దాన్ని ఎవరూ ముట్టుకోకూడదు. కిటికీలోంచి ఫ్యాక్టరీల రాతిపొడి వచ్చి గ్లాసు మీద తెల్లగా పేరుకుంటోంది. రోజూ తడిగుడ్డతో చుట్టూ తుడుస్తున్నాను. గ్లాసును కదపడం లేదు. దర్జీ ఇంకా బావిలోనే ఉన్నాడు.