మస్కట్ ప్రయాణానికి మా ఇంటి లెక్క

మొన్న ఆదివారం మంచిర్యాలలో మా అమ్మాయి వాళ్ళింట్లో అందరినీ టీవీ ముందు కూర్చోబెడితే, ఏదో సినిమా చూపిస్తారు కాబోలు అనుకున్నాను గానీ, మా అల్లుడు తన ఫోన్‌ను ఆ టీవీకి కలిపి గళ్ళు గళ్ళుగా ఉన్న ఒక పట్టికను తెర నిండా పరిచాడు. దసరా సెలవులకు అందరం కలిసి ఏదైనా పరదేశం చూసి వద్దామని వాళ్ళిద్దరూ అనుకున్నారట. విమానం టికెట్లకు ఒక గడి, వీసాలకు ఒక గడి, తిండికి, తిరుగుడుకు, తెచ్చుకునే సామానుకు, చివరికి అక్కడ ఎవరికైనా ఒంట్లో బాగాలేకపోతే అయ్యే ఖర్చుకు కూడా ఒక గడి. ఏ దేశమో ఇంకా తేలలేదు గానీ గడులు మాత్రం సిద్ధంగా ఉన్నాయి. థాయ్‌లాండ్ అయితే ఇంత, మలేషియా అయితే ఇంత అంటూ అల్లుడు వేలు తాకించగానే అంకెలన్నీ వాటంతట అవే మారిపోతుంటే నేను నోరు తెరుచుకుని చూశాను. నీకేమైనా చూడాలని ఉందా అవ్వా అని మా అమ్మాయి మాటవరసకు అడిగింది, మా దిక్కు అమ్మను అవ్వ అనే పిలుస్తారు. మస్కట్ అన్నాను. అల్లుడు నవ్వాడు. మనవడు అక్కడేముంటుందని అడిగాడు. మా ఆయన మాత్రం లేచి, చెప్పులేసుకుని బయటికి వెళ్ళిపోయారు.

పరదేశం పోవడానికి మా ఇంట్లో లెక్క వేయడం ఇదేమీ కొత్త కాదని అల్లుడికి తెలియదు. కరీంనగర్ నుంచి గంట బస్సు ప్రయాణం దూరంలో ఉన్న మా చిన్న ఊళ్ళో అప్పట్లో ఏ వీధికి వెళ్ళినా సాంచాల చప్పుడే. మరమగ్గాలను మా వైపు సాంచాలంటారు. మా ఆయన పరాయి వాళ్ళ సాంచాల మీద నేసేవారు, నేను బీడీలు చుట్టేదాన్ని, ఇద్దరి రెక్కల కష్టం కలిపినా నెలాఖరుకు ఇల్లు గడవడం కష్టంగా ఉండేది. అమ్మాయికి నడక వచ్చిన యేడు ఆయన మస్కట్‌లో కట్టడం పనికి వెళ్ళారు. గల్ఫ్‌లో ఏ దేశానికి పోయినా మా ఊరివాళ్ళు దుబాయ్ పోయిండనే అంటారు కనుక ఆయన కూడా ఊరి లెక్కలో దుబాయ్ పోయినట్టే అయింది. నేనూ అలాగే అనుకుని, ఒకసారి కరీంనగర్‌లో టికెట్లు అమ్మే దుకాణంలో దుబాయ్‌కి ఎంతవుతుందని అడిగి, ఆ ధర పట్టుకుని ఇంటికొచ్చి, ఆరు నెలల తర్వాత గానీ అది ఇంకో దేశం ధర అని తెలుసుకోలేదు. మన వయసు వాళ్ళలో ఇలాంటి పొరపాటు చేసింది నేనొక్కదాన్నే కాదని నా నమ్మకం.

రెండేళ్ళకు మొదటిసారి సెలవు మీద వచ్చినప్పుడు ఆయన ఒక టేప్ రికార్డర్ తెచ్చారు. గల్ఫ్ ఇళ్ళలో ఆ రోజుల్లో ఉత్తరాల కన్నా క్యాసెట్లే ఎక్కువ నడిచేవి. ఇక్కడ చెప్పుకోవలసిందంతా ఒక వైపు నింపి, ఎవరైనా తిరిగి వెళ్తుంటే వాళ్ళ చేతికిస్తే, రెండో వైపు ఆయన మాటలతో మళ్ళీ ఎవరో తెచ్చి ఇచ్చేవారు. మస్కట్ చాలా దూరం కదా అని మా అత్త ఆ పెట్టె ముందు కూర్చుని గొంతు చించుకుని అరిచేది. ఆ సెలవు అయిపోయి తిరిగి బయలుదేరే రోజు, బస్సు కోసం నిలబడినప్పుడు ఆయన నాతో ఒక మాట అన్నారు.

"ఒక్కసారన్న నిన్ను గాడికి తీస్కపోయి సముద్రం సూపిస్త."

భార్య కళ్ళు తుడవడానికి భర్తలు ఇలాంటివి అంటూనే ఉంటారు. నేను మాత్రం ఆ మాటను కొంగున కట్టుకున్నాను. ఒక్క నెల, ఒకే ఒక్క నెల, ఆయన ఉన్నచోట ఆయనతో కలిసి ఉండి రావాలన్న ఆశ నన్ను ఎలా పట్టుకుందో ఇప్పుడు చెప్పుకోవాలంటే సిగ్గుగానే ఉంది, పెళ్ళయిన దగ్గర్నుంచి మేమిద్దరం కలిసి ఉన్న రోజులు అంత తక్కువ మరి.

వంటింటి గోడ మీద బొగ్గు ముక్కతో లెక్క రాయడం మొదలుపెట్టాను. బొంబాయి దాకా బస్సు, బొంబాయిలో రెండు రోజుల మకాం, విమానం టికెట్, ఒక మంచి చీర, అక్కడ ఆయనతో పనిచేసేవాళ్ళకు సకినాలు, మామిడికాయ తొక్కు. నేను రాస్తుంటే మా అత్త గడప మీద కూర్చుని తనకు తోచినవి కలుపుతూ ఉండేది.

"బిడ్డా, గాడ నీళ్ళు గూడ కొనాల్నట. నీళ్ళకు పైసలు రాయి."

నీళ్ళకూ రాశాను. నెల రోజులు బీడీలు ఇవ్వకపోతే పని ఇంకొకరికి పోతుందేమోనన్న భయానికి, నా పేరు మీద తాను చుట్టి ఇస్తానని అత్త ఒప్పుకుంది. అది చాలదని, బీడీలు చుట్టే తునికాకు ఒక మూట, అందులోకి కొంచెం తంబాకు వెంట తీసుకెళ్తే ఆయన పనికి పోయాక పగలంతా ఆ గదిలో కూర్చుని చుట్టుకోవచ్చు, టికెట్ ఖర్చులో కొంతైనా రాబట్టుకోవచ్చు అని కూడా ఇద్దరం గట్టిగా అనుకున్నాం. విమానంలో తునికాకు మూటతో దిగిన కోడలిని మస్కట్ వాళ్ళు ఏం చేసేవారో ఆ దేవుడికే తెలియాలి. ఆయన క్యాసెట్లలో ఎప్పుడూ మా రూముల ఇట్ల, మా రూముల అట్ల అంటుండేవారు కాబట్టి, ఆ గదికి కిటికీ ఉంటుందని, దానికి పరదా కావాలని, మా ఊరి గుడ్డలోనే ఒక ముక్క ఎంచి పెట్టెలో దాచాను.

ఆయన కూడా కాదనలేదు. గిన్నెలు తేవద్దని, దుప్పట్లు ఇక్కడున్నాయని, తొక్కు మాత్రం ఎక్కువ తెమ్మని జవాబు వచ్చేది. పొయ్యి గదిలోనే ఉంటుందా, బయటా అని అడిగితే మాత్రం, అమ్మాయి దగ్గు తగ్గిందా అని మాట ఎటో తిప్పేసేవారు. నాకది అప్పుడు తట్టలేదు.

ఒక ఎండాకాలం, ఆయనతో కలిసి పనిచేసే మా వెనక వీధి మనిషి సెలవు మీద వచ్చి క్యాసెట్ ఇవ్వడానికి మా ఇంటికొచ్చాడు. మా ఆయనను అన్నా అని, నన్ను వదినె అని పిలిచేవాడు. చాయ్ ఇచ్చి, గోడ మీది లెక్క చూపించి, గదిలో గిన్నెలు ఎన్ని ఉన్నాయని, ఇంకేమైనా మరిచిపోయానా అని అడిగాను. అతను ఆ గోడ వంక చాలాసేపు చూసి, చాయ్ గ్లాసు కింద పెట్టాడు.

"వదినె, రూము అంటే మన ఇండ్లసొంటిది కాదు. మంచం మీద మంచం ఏసి, పది పన్నెండు మందిమి ఉంటం. ఆడోళ్ళను గేటు కాడనే ఆపేస్తరు. మాసొంటి కూలోళ్ళకు పెండ్లాన్ని పిలిపిచ్చుకునే వీసా గూడ ఇయ్యరు. నీకు జెప్పబుద్ధిగాక అన్న ఊకుంటుండు."

అతను వెళ్ళాక ముందు నాకు కోపం వచ్చింది. ఇన్నాళ్ళు నన్ను పిచ్చిదాన్ని చేశారని, ఊరంతా ఏమనుకుంటుందో అని, చాటలో ఆకు అలాగే వదిలేసి కూర్చున్నాను. తర్వాత, ఒకరి మీద ఒకరుగా పడుకునే మంచాల మధ్య కూర్చుని, ఆ పది మంది వింటుండగానో, వాళ్ళు నిద్రపోయాకనో, దుప్పట్లు ఇక్కడున్నాయి, గిన్నెలు తేవద్దు అని క్యాసెట్‌లోకి చెప్పిన మనిషి కళ్ళ ముందుకొచ్చాక ఆ కోపం నిలవలేదు. ఆ గదిని నాకు చూపించడానికి ఆయనకు నామోషీ అనుకున్నాను, నా ఆశ విరిచేయడానికి మనసు రాలేదనీ అనుకున్నాను. రెండూ నిజమే అయ్యుండాలి.

నాకు తెలిసిపోయిందని ఆయనకు చెప్పలేదు. ఆ సారి క్యాసెట్‌లో, అమ్మాయిని బడిలో వేస్తున్నాం కనుక ఈ యేడు రావడం కుదరదు, వచ్చే యేడు చూద్దాం అన్నాను. జవాబులో ఆయన గొంతు తేలికపడింది. సరే, వచ్చే యేడు అన్నారు. ఇక అప్పటి నుంచి యేటా అదే మాట. పండుగకు గోడలకు సున్నం వేసినప్పుడు పాత లెక్క చెరిగిపోయేది, సున్నం ఆరాక పెరిగిన ధరలతో మళ్ళీ రాసేదాన్ని. దాచిన డబ్బు అమ్మాయి చదువుకు కరీంనగర్‌లో ఫీజుల కింద పోయింది, దానికి నేనెన్నడూ బాధపడలేదు. కానీ ఆ లెక్క మాత్రం ఆపలేదు. ఈసారి సకినాలు ఎన్ని చేయాలి, ఏ చీర కట్టుకు దిగాలి, విమానంలో కిటికీ పక్కన ఎవరు కూర్చోవాలి, ఇవన్నీ మాట్లాడుకోవడమే మా కాపురం అయింది. మిగతా మొగుడూ పెళ్ళాలు వాకిట్లో కూర్చుని చెప్పుకునే కబుర్లు మేము ఆ ప్రయాణం పేరుతో చెప్పుకున్నాం. ఇంటికి ఫోన్ వచ్చాక క్యాసెట్లు ఆగాయి, నిమిషానికి ఇంత అని పడే ఫోన్లో అంత తీరిక ఎక్కడిది, లెక్క కూడా అక్కడితో ఆగిపోయింది. ఆయన మస్కట్ వదిలి ఇంటికొచ్చేశాక దాని ఊసూ రాలేదు.

ఆ సంగతులన్నీ తలుచుకుంటూ ఉండగానే మా ఆయన వీధిలోంచి తిరిగి వచ్చారు. అప్పటికే అల్లుడు మస్కట్‌కు గడులన్నీ నింపేశాడు, అమ్మాయి సముద్రం పక్కన హోటళ్ళ బొమ్మలు చూపిస్తోంది. ఆయన కుర్చీ వెనక నిలబడి కాసేపు చూసి, మెల్లగా అమ్మాయితో అన్నారు.

"ఒక దినం కారుకు గూడ పైసలు వెయ్యి బిడ్డా. ఊరి బయట మా కూలోళ్ళ క్యాంపు ఉండె. ఇప్పుడున్నదో లేదో. గేటు దాకనన్న పోయొద్దాం, మీ అవ్వకు సూపియ్యాలె."

క్యాంపులో చూడటానికి ఏముంటుంది బాపూ అని మా అమ్మాయి అడిగింది. ఆయన దానివైపు కాకుండా నా వైపు చూశారు.

"మీ అవ్వకు ఎరుకే. ఆమెకు ఎరుకున్నదని నాకు గూడ ఎప్పటినుంచో ఎరుకే."

వెనక వీధి మనిషి సెలవు ముగించుకుని మస్కట్‌లో దిగిన నాడే చెప్పేసి ఉంటాడు. అంటే అమ్మాయి బడి వంక పెట్టి నేను చెప్పిన అబద్ధాన్ని అన్నేళ్ళూ ఆయన అబద్ధమని తెలిసే విన్నారు, తెలిసే ఈసారి ఏం చీర అని అడిగారు. చాయ్ పెడతానని లేచి వంటింట్లోకి వెళ్ళి, పొయ్యి కూడా వెలిగించకుండా కాసేపు అలాగే నిలబడ్డాను.

తిరిగొచ్చేసరికి అల్లుడు గదుల లెక్క దగ్గర ఆగాడు. మనవణ్ణి మాతో పడుకోబెడితే రెండు గదులు సరిపోతాయి, మా ఇద్దరికీ విడిగా కావాలంటే మనవడికి ఇంకొకటి కలిపి మూడు తీసుకోవాలి, ఖర్చు కొంచెం పెరుగుతుంది అన్నాడు. ఎప్పుడూ ఏ ఖర్చుకూ ముందుకు రాని మా ఆయన, విడిగానే తీసుకోమన్నారు. అల్లుడు వేలు తాకించాడు, అంకె మారింది, అంతే.

మేము ఏళ్ళ తరబడి గోడ మీద రాసి చెరిపిన ప్రయాణం వాళ్ళకు ఒక సాయంత్రంలో తెమిలిపోయింది. పిల్లల రోజులు ఇంత సుఖంగా ఉన్నందుకు సంతోషమే. ఇప్పుడు వీసా ఫోన్‌లోకే వస్తుందట, నన్ను గేటు దగ్గర ఆపేవాళ్ళెవరూ ఉండరు, మస్కట్‌లో మా ఇద్దరి పేరు మీద తలుపున్న ఒక గది ఉంది. ఆ గదిలో ఉండాలని అంతగా ఆశపడ్డ ఇద్దరు పడుచువాళ్ళు మాత్రం ఇప్పుడు లేరు. మోకాళ్ళ నొప్పుల మాత్రలు మూట కట్టుకుని, వాళ్ళ బదులు మేము వెళ్తున్నాం.